సరిహద్దు దాటే బిడ్డ ఎవరి బాధ్యత? పోషణ సంస్థల ఉమ్మడి వేదికలు ఎక్కడ ఆగిపోతున్నాయి

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ముందు చెబుతాను. తెలంగాణలోని భద్రాద్రి కొత్తగూడెం, ఆంధ్రలోని చింతూరు, అవతల ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా, ఒడిశాలోని మల్కాన్‌గిరి. ఈ నాలుగు చోట్లా పిల్లల పోషణ మీద పనిచేసే ఆరు చిన్న సంస్థలు కలిసి ఒక వేదిక పెట్టుకున్నారు. మొదటి రెండు సమావేశాలకు అందరూ వచ్చారు, తర్వాత ఒక్కొక్కరే తగ్గారు. ఆర్నెల్లు తిరిగేసరికి వాట్సాప్ గ్రూపు మిగిలింది, పని మిగల్లేదు. "మాలో ఎవరికీ గొడవల్లేవు, అయినా ఎందుకిలా అయింది, మళ్లీ మొదలుపెట్టొచ్చా?" అని అడిగారు.

గోదావరి ఏజెన్సీలో పద్దెనిమిదేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ఇలాంటి వేదికలు మూడింటిలో కూర్చున్నాను. రెండు మీదాని లాగే కొన్నాళ్లకు ఆగిపోయాయి, ఒకటి ఇప్పటికీ నడుస్తోంది. ఆగిపోయిన రెండూ "అనుభవాలు పంచుకుందాం" అని మొదలైనవే. అనుభవాలు పంచుకోకపోయినా ఏ సంస్థకూ మర్నాటి పని ఆగదు. అలాంటి దానికోసం ఎవరైనా ఎన్నాళ్లని పొద్దున్నే బస్సెక్కి వస్తారు? నడుస్తున్నది మాత్రం ఒక్క సంస్థ ఎంత కష్టపడినా తనంతట తాను చేయలేని పనిని పట్టుకుంది. మన దగ్గర ఆ పని, రాష్ట్రం దాటి వచ్చిపోయే బిడ్డను వదలకుండా చూసుకోవడం.

మన ప్రాంతం ఎలాంటిదో మీకు తెలుసు, చదివే మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. సీలేరు వచ్చి శబరిలో కలిసేచోట ఇటు ఆంధ్ర, అటు ఒడిశా, ఛత్తీస్‌గఢ్. కాస్త కిందికి వస్తే కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలుస్తుంది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ముంపు మండలాలు ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. వాటిలో చింతూరు, కూనవరం, వీఆర్‌పురం, ఏటపాక 2022లో కొత్తగా ఏర్పడ్డ అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరాయి, అప్పుడు జిల్లా కేంద్రం పాడేరు అయింది. ఏటపాక భద్రాచలాన్ని ఆనుకునే ఉంటుంది, కానీ రాష్ట్రం వేరు. చింతూరు మనిషికైనా, ఛత్తీస్‌గఢ్‌లోని కుంట మనిషికైనా బిడ్డకు జబ్బు చేస్తే గుర్తొచ్చేది భద్రాచలం ఆసుపత్రే. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టుల మీద సల్వాజుడుం పోరు సాగిన రోజుల్లో ఊళ్లొదిలి వచ్చిన గొత్తికోయ ఆదివాసీ కుటుంబాలు మన అడవుల్లో గుడిసెలు వేసుకుని ఉన్నాయి. మిర్చి కోతల కాలంలో ఛత్తీస్‌గఢ్, ఒడిశాల నుంచి కూలీలు ఖమ్మం, భద్రాద్రి, ములుగు చేలలోకి పిల్లల్ని చంకన వేసుకుని వస్తారు. ఇక ఇటుక బట్టీలకు పశ్చిమ ఒడిశా నుంచి వచ్చేవాళ్లు దసరా దాటాక బయల్దేరితే వానలు మొదలయ్యేదాకా తిరిగి వెళ్లరు.

మాకు కళ్లు తెరిపించిన బిడ్డ గురించి చెబుతాను. కుంట వైపు ఊరి నుంచి ఒక తల్లి పద్నాలుగు నెలల పాపను తీసుకొచ్చింది. బరువు 5.4 కిలోలు, చేతి చుట్టుకొలత 10.8 సెంటీమీటర్లు, అంటే అతి తీవ్ర పోషణ లోపం. పోషకాహార పునరావాస కేంద్రంలో పెట్టారు. మొదట ఎఫ్-75 అనే తేలికపాటి చికిత్స పాలు, ఆకలి వచ్చాక ఇంకా బలమైన ఎఫ్-100. రెండు వారాల్లో పాప ఆరు కిలోలు దాటింది, నవ్వడం మొదలుపెట్టింది. డిశ్చార్జ్ కాగితం తెలుగులో, ఇంగ్లిషులో ఇచ్చారు. అవతలి ఊళ్లో అంగన్‌వాడీ దీదీకి వచ్చింది హిందీ. ఆ కాగితం తల్లి కొంగులోనే ఉండిపోయింది. ఇవతల మా రిజిస్టర్‌లో "కోలుకుంది" అని రాసుకున్నాం, అవతల పనిచేసే సంస్థకు అసలు ఈ పాప ఉన్నట్టే తెలియదు. నాలుగు నెలల తర్వాత ఇంకో సంస్థ కార్యకర్త ఒక మిర్చి చేను గట్టు మీద ఆ పాపను చూసింది. చేతి కొలత 10.9. మూడు సంస్థలు, రెండు ప్రభుత్వాలు ఆ పాప చుట్టూ ఉన్నాయి. ఎవరూ పని ఎగ్గొట్టలేదు. ఎవరి హద్దులో వాళ్లు సక్రమంగానే చేశారు. పాప మాత్రం మొదటికొచ్చింది.

ఆ సాయంత్రం ఆ కార్యకర్త చేసిన ఫోన్‌తోనే, ఇప్పటికీ నడుస్తున్న మా మూడో వేదిక పుట్టింది. పేరు పెట్టడానికి, తీర్మానం రాయడానికి ముందే, ఏ ఊరి బిడ్డ వస్తే ఎవరికి ఫోన్ చేయాలో నోట్‌బుక్‌లో రాసుకున్నాం.

ఇక అడ్డంకుల విషయానికి వస్తే, అన్నింటికంటే ముందు కొలతల దగ్గరే చిక్కుపడతారు. దీన్ని చిన్న విషయం అనుకోకండి. ఒకసారి మూడు సంస్థల కార్యకర్తల్ని ఒకే అంగన్‌వాడీలో కూర్చోబెట్టి ఒకే బాబును కొలవమన్నాం. ఒకరికి 11.3 వచ్చింది, ఒకరికి 11.6, ఇంకొకరికి 11.8. గీత ఉన్నది 11.5 దగ్గర. దానికి కింద ఉంటే అతి తీవ్ర లోపం, 11.5 నుంచి 12.5 లోపు ఉంటే మధ్యస్థం. అంటే ఒకే బాబు ఒక సంస్థ లెక్కలో ఆసుపత్రికి పంపాల్సినవాడు, మిగతా రెండింటి లెక్కలో ఇంట్లో తిండి పెంచితే చాలినవాడు. కారణం వెతికితే ఒకరు టేపు బిగించి లాగుతున్నారు, ఒకరు వదులుగా వదిలేస్తున్నారు, ఒకరు మధ్య బిందువు చూడకుండా కంటి అంచనాతో చుడుతున్నారు. ఎడమ చేయి మడిచి, భుజం ఎముక కొస నుంచి మోచేయి కొస దాకా కొలిచి సగం దగ్గర చుక్క పెట్టి, చేయి వదులుగా వేలాడదీశాక టేపు చర్మానికి తాకాలి కానీ నొక్కకూడదు. ఇది అందరికీ శిక్షణలో చెప్పిందే. అందరం కలిసి ఒకే బిడ్డ మీద చేసి చూసుకునేదాకా తేడా ఎంతుందో ఎవరికీ తెలియలేదు.

దీనికి తోడు, చేతి చుట్టుకొలతతో దొరికే పిల్లలూ ఎత్తుకు తగ్గ బరువు లెక్కలో దొరికే పిల్లలూ ఒకరే కారు. రెండు పద్ధతులూ సరైనవే, పట్టే పిల్లలు కొంతమేరకే కలుస్తారు. ఒక సంస్థ టేపు మీద, ఇంకో సంస్థ ఎత్తు బోర్డు, తూకం మీద ఆధారపడి "మా దగ్గర ఇంతమంది" అంటే ఆ రెండు సంఖ్యల్ని పక్కపక్కన పెట్టకూడదు. పెట్టారు కాబట్టే మా రెండో వేదికలో మాటామాటా పెరిగింది, మీ లెక్క తప్పంటే మీ లెక్క తప్పని.

రాష్ట్రాల సగటులు కూడా ఇలాగే తప్పుదారి పట్టిస్తాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఎత్తుకు తగ్గ బరువు లేని ఐదేళ్లలోపు పిల్లలు తెలంగాణలో 21.7 శాతం, ఛత్తీస్‌గఢ్‌లో 18.9, ఒడిశాలో 18.1, ఆంధ్రప్రదేశ్‌లో 16.1. ప్రతి సంస్థా తన ప్రపోజల్‌లో తన రాష్ట్రం అంకె రాసుకుంటుంది, ఆ అంకెతోనే మీటింగుకు వస్తుంది. హైదరాబాద్ బిడ్డనూ చర్ల అడవిలోని బిడ్డనూ కలిపి తీసిన సగటు అది. శబరికి ఇటూ అటూ ఉన్న రెండు కోయ గూడేల మధ్య తేడా అందులో కనిపించదు. మన ఊళ్ల అంకెలు మనమే తయారుచేసుకోవాలి, ఒకే పద్ధతిలో.

రెండో అడ్డంకి తిండి మీద అభిప్రాయభేదం. మీ గ్రూపులో ఎవరూ గొడవపడలేదన్నారు కానీ, నా అనుమానం ఎవరూ ఈ విషయం ఎత్తలేదని. పోషణలో పనిచేసేవాళ్లు పైకి ఒకే మాట మాట్లాడినట్టుంటారు. లోపల రెండు దారులు. ప్రాణాపాయంలో ఉన్న బిడ్డకు వేరుశనగ పేస్టులాంటి తయారీ చికిత్సాహారం ఇంటి దగ్గరే ఇస్తే త్వరగా లేస్తాడనేది ఒకటి. ప్యాకెట్ అలవాటు చేస్తే ఊరి తిండి, అంగన్‌వాడీ వంట, ఆడవాళ్ల సంఘాల పని అన్నీ పక్కకు పోతాయనేది ఇంకొకటి. రెండో వర్గానికి బలమైన చరిత్ర ఉంది. అంగన్‌వాడీ ఆహారం సరఫరాకు కాంట్రాక్టర్లను పెట్టొద్దని ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. మొదటి వర్గం దగ్గరా వైద్యపరమైన ఆధారాలున్నాయి. ఒక వేదికలో ఈ ఇద్దరూ ఉంటే, విషయం తేల్చకుండా నెట్టుకొస్తే, ఒకరోజు ఏదో కంపెనీ ఉచితంగా ప్యాకెట్లు ఇస్తానంటుంది, ఆ రోజు వేదిక రెండు ముక్కలవుతుంది. మా మొదటి వేదికలో అచ్చంగా ఇదే జరిగింది.

డబ్బిచ్చే కంపెనీల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 1992 నాటి శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం, 2003 సవరణతో కలిపి, పాలడబ్బాల కంపెనీల ప్రచారాన్ని, ఆరోగ్య కార్యకర్తలకు వాళ్లిచ్చే తాయిలాలను నిషేధించింది. తల్లిపాల గురించి ఊరూరా చెప్పే మన బ్యానర్ మీద అలాంటి కంపెనీ పేరు కనిపిస్తే ఆ తల్లి ముందు నిలబడగలమా? ఎవరి డబ్బు తీసుకోమో మొదటి సమావేశంలోనే రాసుకోండి. నేనైతే ఈ ఒక్క విషయంలో రాజీ పడను.

ఇనుము, విటమిన్లు కలిపిన బలవర్ధక బియ్యం సంగతి చూడండి. వంద గింజలకు ఒకటి చొప్పున కలిపే ఆ గింజ నీళ్లలో పోస్తే తేలుతుంది, తెల్లగా వేరుగా కనిపిస్తుంది. మన ఊళ్లలో ఆడవాళ్లు దాన్ని ప్లాస్టిక్ బియ్యం అనుకుని ఏరి పారేయడం నేను కళ్లారా చూశాను. ఒక సంస్థ "అది మంచిదే, ఏరొద్దు" అని చెప్పి వెళ్తుంది. వారం తిరక్కుండానే ఇంకో సంస్థ వచ్చి, సికిల్ సెల్, తలసేమియా లాంటి రక్తవ్యాధులు ఉన్నవాళ్లకు ఇనుము కలిపిన తిండి మంచిది కాదంటుంది. గిరిజన ప్రాంతంలో సికిల్ సెల్ నిజంగా ఉన్న సమస్య, 2023లో దాని నిర్మూలనకు జాతీయ మిషనే మొదలైంది. ఇద్దరి మాటలోనూ పస ఉంది. వినే తల్లి మాత్రం ఇద్దరినీ నమ్మడం మానేస్తుంది. కలిసి పనిచేయడం అంటే ఇలాంటి విషయంలో ఊళ్లోకి వెళ్లకముందే కూర్చుని, ఏం చెప్పాలో, ఎవరికి రక్తపరీక్ష చేయించాలో ఒక్క మాట అనుకోవడం. అవసరమైతే హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలాంటి చోట సలహా అడగొచ్చు. కూనూరులో 1918లో బెరిబెరి పరిశోధనగా మొదలై 1958లో హైదరాబాద్ వచ్చిన సంస్థ అది, మనకు పక్కనే ఉన్నట్టు లెక్క.

అంగన్‌వాడీలో పిల్లల కోసం ఇంటికిచ్చే రేషన్ కూడా రాష్ట్రానికి ఒకటి. తెలంగాణలో గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెరతో చేసిన బాలామృతం రెండున్నర కిలోల ప్యాకెట్ నెలకొకటి. ఒడిశాలో మహిళా సంఘాలు చేసే ఛటువా పిండి, ఛత్తీస్‌గఢ్‌లో రెడీ టు ఈట్ పొడి. బాలామృతం జావ ఎలా కాయాలో నేర్చుకున్న తల్లి అవతలికి వెళ్లి ఛటువా చేతికిస్తే మళ్లీ మొదటి నుంచి అడుగుతుంది. మీ ఆరు సంస్థలు కలిసి మొదట చేయగల పని ఇదే: ఈ మూడింటితో ఆరు నెలల బిడ్డకు, ఏడాది బిడ్డకు ఎంత చిక్కగా కలపాలో కోయలో మాట్లాడి చూపించే చిన్న వీడియో. అందరికీ అవసరం, ఎవరితోనూ పోటీ లేదు, ఖర్చూ పెద్దగా ఉండదు.

ఇక డబ్బు. మంచి మనుషులు కూడా ఇక్కడే దూరమవుతారు, వాళ్ల తప్పేమీ లేకుండానే. ఇంతకుముందు ఒక పెద్ద సంస్థ విదేశీ నిధులు తెచ్చి నాలుగు చిన్న సంస్థలకు పంచేది. 2020 సెప్టెంబర్‌లో విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) సవరించాక విదేశీ విరాళాన్ని ఒక సంస్థ ఇంకో సంస్థకు బదిలీ చేయడం కుదరదు, ఆఫీసు ఖర్చుల పరిమితి కూడా 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. అలా పంచే డబ్బే అంతకుముందు చాలా వేదికలకు ఊపిరి. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టే సీఎస్ఆర్ నిధుల వైపు చూద్దామంటే, 2021 నుంచి సంస్థలు సీఎస్ఆర్-1 ఫారంతో నమోదు కావాలి. కంపెనీ కూడా తన ఫ్యాక్టరీ చుట్టుపక్కల ఊళ్లకే ముందు ఖర్చుపెట్టాలని చూస్తుంది. మణుగూరు చుట్టూ పెట్టే రూపాయి శబరి దాటదు. పైగా డోనర్లు ప్యాకెట్లకు, శిక్షణలకు, ట్యాబ్‌లకు ఇస్తారు. అందరికీ ఫోన్లు చేసి, రిజిస్టర్లు సరిచూసి, తప్పిపోయిన బిడ్డ కోసం ఊరూరా తిరిగే మనిషి జీతానికి ఇవ్వరు. ఏ ప్రపోజల్‌లోనూ ఆ లైన్ ఉండదు.

మా మూడో వేదిక నడవడానికి అసలు కారణం ఆ ఒక్క మనిషే. అందులోని సంస్థలన్నీ తమ సొంత, దేశీయ డబ్బులోంచి నెలకు కొంత ఖర్చు భరించి, ఒక కోయ అమ్మాయిని సమన్వయకర్తగా పెట్టుకున్నాం. డబ్బు చేతులు మారకుండా ఒకరు ఆమె జీతం భరించారు, ఒకరు బండి, ఒకరు ఫోన్, ఒకరు బస. తెలుగు, హిందీ, కోయ మూడూ వచ్చిన మనిషి. మీరు మళ్లీ మొదలుపెడితే ముందు ఆ మనిషిని చూసుకోండి. అలాంటి మనిషి దొరకకపోతే మీటింగు పెట్టకండి అని కూడా అంటాను.

భాష గురించి ఇంకొక్క మాట. మన సమావేశాలు హిందీలోనో ఇంగ్లిషులోనో సాగుతాయి, ఆఫీసువాళ్లు మాట్లాడతారు. ఏ గూడెంలో ఏ బిడ్డ ఉన్నాడో తెలిసిన కార్యకర్త గోడవారన కూర్చుంటుంది. మేం పద్ధతి మార్చాం. మొదటి గంట కార్యకర్తలదే, కోయలో. ఏ బిడ్డ ఎటు వెళ్లాడో వాళ్లు చెబుతుంటే మిగతావాళ్లం రాసుకుంటాం. ఆ గంటలో తేలినంత పని మిగతా రోజంతా తేలదు.

పేరు ఎవరికి రావాలన్న గొడవ గురించి మొహమాటపడకుండా మాట్లాడుకోండి. ఒకే బిడ్డ ఫొటో మూడు సంస్థల వార్షిక నివేదికల్లో వచ్చింది, మూడింటిలోనూ "మేం కాపాడాం" అని. డోనర్ ఒకరే కావడంతో బయటపడింది. అందరూ సిగ్గుపడ్డాం. తర్వాత ఒక ఒప్పందానికి వచ్చాం: తల్లి సొంత ఊరు ఏ సంస్థ పరిధిలో ఉందో బిడ్డ లెక్క వాళ్లది, మిగతావాళ్లు "సహకారం" అని రాసుకుంటారు. బిడ్డ ముఖం మాత్రం ఎవరి నివేదికలోనూ ఉండదు.

ప్రభుత్వం లేకుండా ఏదీ జరగదు. అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం 1975 నుంచి ఉంది, అంగన్‌వాడీ లేని మన పని గాల్లో దీపమే. అంగన్‌వాడీలు వాడే పోషణ్ ట్రాకర్ యాప్‌లో వలస వెళ్లినవాళ్ల వివరాలు ఇంకో అంగన్‌వాడీకి మార్చుకునే వీలుంది. ఆధార్ లేని బిడ్డ, ఓటీపీ వచ్చే ఫోన్ లేని తల్లి దగ్గర అది సాగదు. అధికారుల్ని కలవడమంటే గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ప్రాజెక్టు అధికారిని కలిసి ఒప్పందపత్రం రాసుకోవడం అనుకుంటాం, ఆయన బదిలీ కాగానే మళ్లీ మొదటికి. మేం నేర్చుకున్నది, ఎక్కువ కాలం అక్కడే ఉండే మనిషిని పట్టుకోవాలని. అంగన్‌వాడీ సూపర్‌వైజర్, పునరావాస కేంద్రంలో నర్సు, పోషకాహార సలహాదారు. చింతూరు వైపు సూపర్‌వైజర్‌ను, కుంట వైపు పర్యవేక్షకురాలిని ఒకరోజు ఒక చెట్టు కింద కూర్చోబెట్టి నంబర్లు మార్పించాం. ఏ జీఓ అవసరం లేకపోయింది. అయితే సరిహద్దు ఊళ్లలో అపరిచితుల మీద పోలీసులకూ, ఊరివాళ్లకూ అనుమానాలుంటాయి. ఎవరు ఎక్కడికి ఎందుకు వెళ్తున్నారో ముందే స్థానిక స్టేషన్‌లో, సర్పంచ్ దగ్గర చెప్పి వెళ్లండి. కార్యకర్తల భద్రతతో ప్రయోగాలు వద్దు.

"వ్యవసాయం, నీళ్లు, ఉపాధి మీద పనిచేసేవాళ్లనీ కలుపుకుందామా?" అనీ అడిగారు. తప్పకుండా కలపాలి, కానీ ఇప్పుడే కాదు. 2013లో లాన్సెట్ వైద్య పత్రిక వ్యాసాల్లో పది ప్రధాన పోషణ కార్యక్రమాలను 90 శాతం మందికి అందించినా గిడసబారడం (వయసుకు తగ్గ ఎత్తు పెరగకపోవడం) ఐదో వంతే తగ్గుతుందని లెక్కగట్టారు. మిగతాది తిండి, నీళ్లు, పారిశుద్ధ్యం, తల్లి చదువు, ఆమె పనిభారం. చిరుధాన్యాల్లో మంచి ఉదాహరణ కళ్లెదుటే ఉంది: 2017లో మొదలైన ఒడిశా మిల్లెట్ మిషన్‌కు సచివాలయంగా పనిచేసింది హైదరాబాద్‌కు చెందిన వాసన్ అనే సంస్థ. భద్రాచలం, ఏటూరునాగారం, ఉట్నూరుల్లో గిరిజన మహిళలు వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శిక్షణతో గిరిపోషణ ఆహారం తయారుచేశారు. రాష్ట్రాలు దాటీ, వేరే రంగాలవాళ్లతో కలిసీ పనిచేయడం అసాధ్యం కాదని ఇవి చూపిస్తున్నాయి. మీ ఆరుగురికీ ముందు ఒక పని అలవాటు కానివ్వండి.

మళ్లీ మొదలుపెట్టడానికి పెద్ద హాలు వద్దు. ఆరు సంస్థల నుంచి ఊళ్లు తిరిగే ఆరుగురు కార్యకర్తలు చాలు. ప్రతి ఒక్కరూ తమ రిజిస్టర్‌లో గత ఏడాది "వలస వెళ్లారు" అని రాసి వదిలేసిన పిల్లల పేర్లు తెచ్చుకోమనండి. అవన్నీ ఒక చాపమీద పరిచి చదివితే, ఒకరి దగ్గర తప్పిపోయిన బిడ్డ ఇంకొకరి దగ్గర కొత్తగా వచ్చినట్టు రాసి ఉండటం మీకే కనిపిస్తుంది. మేం చేసినప్పుడు పదకొండు మంది అలా కలిశారు. ఆ జాబితాను మిర్చి కోతలు మొదలయ్యేలోపు, అంటే సంక్రాంతికి ముందే తయారుచేసుకోండి. మేస్త్రీలు ఏ ఊరి వాళ్లను ఏ చేలకు తెస్తున్నారో అప్పటికి తెలిసిపోతుంది. మా దగ్గర రెండు భాషల్లో ఉన్న బదిలీ చీటీ నమూనా ఉంది. బిడ్డ పేరు, తల్లి పేరు, కొలత, ఏ తేదీన, ఇచ్చిన మందులు, ఎవరికి ఫోన్ చేయాలి, అంతే, అరపేజీ. కావాలంటే అడగండి, పంపుతాను. ఒడియా లిపిలో ఇంకా లేదు, మల్కాన్‌గిరిలో మీవాళ్లు రాసిస్తే మాకూ పనికొస్తుంది.